ఉప్పునీటి తొట్టెలో ఓజోను - ఎంతవరకు మేలు, ఎక్కడినుండి కీడు

రొయ్యల సాగు చేయు రైతు సోదరులలో పలువురు ఈమధ్య ఓజోను యంత్రమును గురించి వినియుందురు. గట్టుమీదికి యంత్రము తెచ్చి, "దీనిని పెట్టిన నీరు అద్దమువలె అగును, రోగములు రావు" అని చెప్పి అమ్మువారు కలరు. హేచరీవారు కొందరు "మా నీరు ఓజోనుతో శుద్ధియైనది" అని చెప్పి సీడు అమ్ముచున్నారు. ఈ మాటలలో నిజమెంత, వాటికి హద్దు ఎక్కడ అను సంగతి తెలియనిచో డబ్బు పోవును. తెలియక వాడినచో పిల్ల కూడ పోవును.

ఈ విషయమును ఒక చిన్న గాజుతొట్టెతో మొదలుపెట్టి చెప్పుట సులభము. సముద్రపు చేపలను, పగడపు జీవులను ఇండ్లలో గాజుతొట్టెలలో పెంచు అలవాటు ఐరోపా, అమెరికా దేశములలో చాలకాలముగా ఉన్నది. అక్కడివారు తొట్టె నీరు చెడకుండుటకు ఓజోనును వాడుచున్నారు. ఆ చిన్న తొట్టెలో జరుగునది బాగుగా తెలిసికొన్నచో, హేచరీలో ఏమి జరుగునో, చెరువులో ఏల జరుగదో మీకే బోధపడును.

ఓజోను అనగానేమి?

మనము పీల్చు ప్రాణవాయువులో రెండేసి పరమాణువులు జతగా ఉండును. ఓజోనులో మూడు ఉండును. ఆ మూడవది నిలకడ లేనిది. దొరికిన పదార్థమును పట్టుకొని దానిని కాల్చివేయును. మంట లేకుండ కాల్చుట వంటిదే ఈ పని. సూక్ష్మజీవి పొర అయినను, నీటిలోని రంగు అయినను, మన ఊపిరితిత్తి అయినను దానికి ఒకటే.

పిడుగు పడిన తరువాత గాలిలో ఒక ఘాటైన వాసన వచ్చును. విద్యుత్ మోటారు నిప్పురవ్వలు చిమ్మునపుడు కూడ అట్టి వాసనయే వచ్చును. అది ఓజోను వాసన. షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1840లో దీనిని గుర్తించి, గ్రీకు భాషలో వాసన అను అర్థము వచ్చు మాటనుండి ఈ పేరు పెట్టెను. 1857లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ దీనిని తయారుచేయు గొట్టమును నిర్మించెను. ఫ్రాన్సు దేశములోని నీస్ పట్టణము 1906 నుండి త్రాగునీటిని ఓజోనుతో శుద్ధిచేయ నారంభించెను. కావున ఇది కొత్త వింత కాదు. కొత్తగా మన గట్టుమీదికి వచ్చినది మాత్రమే.

ఓజోనును సీసాలో నింపి నిలువచేయుట కుదరదు. అది తానే విడిపోయి మరల ప్రాణవాయువుగా మారును. కావున వాడుచోటనే తయారు చేసికొనవలెను.

మంచినీటికి, ఉప్పునీటికి గల తేడా

ఈ తేడాను చాలమంది గమనించరు. మంచినీటిలో కరిగిన ఓజోను నిమిషములలో విడిపోవును. దాని జాడ మిగులదు. సముద్రపు నీటిలో అట్లు కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు అను లవణము సహజముగా ఉన్నది. ఓజోను తగిలినంతనే ఈ బ్రోమైడు హైపోబ్రోమస్ ఆమ్లముగా మారును. ఇది బ్లీచింగు పొడి నీటిలో కలిసినపుడు వచ్చు పదార్థమునకు తోబుట్టువు వంటిది. సూక్ష్మజీవులను చంపుటలో అంతటి శక్తి గలది. అయితే ఓజోనువలె నిమిషములలో పోదు, నీటిలో నిలిచియుండును.

అనగా ఉప్పునీటిలో మీరు వదలునది ఓజోనే అయినను, పనిచేయునది ఎక్కువ భాగము బ్రోమిను. "ఓజోను విడిపోయి ప్రాణవాయువగును, కావున హాని లేదు" అను మాట మంచినీటికి కొంత చెల్లును, ఉప్పునీటికి చెల్లదు. చెరువు నీటిలో ఉప్పు లీటరుకు 10 గ్రాములే ఉన్నను, బ్రోమైడు దాదాపు 19 మిల్లీగ్రాములుండును. ఈ మార్పు జరుగుటకు అంతమాత్రము చాలును.

మోతాదు మించినచో మరియొక పదార్థము పుట్టును. దాని పేరు బ్రోమేటు. హైపో మందు హైపోబ్రోమస్ ఆమ్లమును విరుచును గాని, బ్రోమేటును విరువజాలదు. కావున అది పుట్టిన తరువాత మందు వెదకుటకంటె, పుట్టకుండ మోతాదును అదుపులో ఉంచుటయే మార్గము.

గాజుతొట్టెలో ఓజోను చేయు మేలు

గాజుతొట్టెలో వేసిన మేత, చేపల విసర్జనము, నాచు రసములు కలిసి నీరు నెమ్మదిగా పసుపురంగు తిరుగును. రోజూ చూచు కంటికి ఈ రంగు తెలియదు. ఒక తెల్లని పింగాణీ గిన్నెలో తొట్టె నీటిని, ఇంకొక గిన్నెలో కొత్త ఉప్పునీటిని పోసి ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెలియును. పగడపు జీవులు తమలో ఉండు సూక్ష్మమైన నాచు సాయముతో, వెలుతురుమీద బ్రతుకును. పసుపు నీరు ఆ వెలుతురును కొంత మ్రింగివేయును. ఓజోను ఈ రంగు పదార్థమును విరిచివేయును. కొద్ది రోజులలో నీరు తేటపడును.

రెండవ మేలు నురుగు పట్టుటలో కలదు. ఉప్పునీటి తొట్టెలకు ప్రోటీన్ స్కిమ్మరు అను నిలువు గొట్టము అమర్చుదురు. దానిలో సన్నని బుడగలు లేచి, నీటిలోని జిడ్డును నురుగుగా పైకి తెచ్చి గిన్నెలోనికి నెట్టును. సముద్రపు ఒడ్డున అలలు వదలిపోవు నురుగు కూడ ఇట్టిదే. కొద్దిపాటి ఓజోను తగిలినచో నీటిలోని మలినపు నలుసులు ఒకదానికొకటి అంటుకొని నురుగుకు సులభముగా చిక్కును.

మూడవ మేలు, విషమగు నైట్రైటును త్వరగా నైట్రేటుగా మార్చుట.

ఒక హెచ్చరిక. మన దేశములో రాతి పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. వాటిని సముద్రమునుండి తెచ్చుట, అమ్ముట నేరము. ఈ వ్యాసములో పగడపు తొట్టెను ఉదాహరణగా తీసికొన్నామేగాని, పెట్టుకొమ్మని చెప్పుట లేదు.

ఓజోను చేయలేని పనులు

నైట్రేటును, ఫాస్ఫేటును ఓజోను తీసివేయదు. నీరు తేటగా కనబడినంత మాత్రమున అవి పోయినవని అనుకొనరాదు. వాటికి నీరు మార్చుటయే ఉపాయము.

అమ్మోనియాను కూడ నమ్మదగినంతగా తీసివేయదు. ఉప్పునీటి మామూలు పి.హెచ్. ఎనిమిది దగ్గర ఈ పని బహు నెమ్మదిగా జరుగును. అమ్మోనియాను మార్చవలసినది రాళ్ళమీద, ఇసుకలో, వడపోతలో కాపురముండు మేలుచేయు సూక్ష్మజీవులు. ఓజోను యంత్రమును తెచ్చి ఆ వడపోతను తీసివేసినచో, పాలిచ్చు గేదెను అమ్మి గంట కొనుక్కొన్నట్లగును.

చేప ఒంటిమీదికి ఎక్కిన రోగమును కూడ ఓజోను కుదర్చదు. చేపకు హాని చేయని మోతాదు ఆ చేపను పట్టియున్న పురుగుకు కూడ హాని చేయదు. ఓజోను తనవద్దకు గొట్టములోనికి వచ్చిన నీటిని శుద్ధి చేయును గాని, తొట్టెలోని జీవికి వైద్యము చేయదు.

అమర్చు విధము

ఓజోనును ఎన్నడును జీవులున్న తొట్టెలోనికి నేరుగా వదలరాదు. మొదటి సూత్రము ఇదియే. దారి ఈ వరుసలో ఉండవలెను.

మొదట పొడి గాలి. తేమగాలి పోయినచో ఓజోను చాల తగ్గుటయేగాక, యంత్రములో నత్రికామ్లము పుట్టి లోపలి భాగములను తినివేయును. మన కోస్తాలో గాలి ఏడాది పొడుగున తేమగానే ఉండును. కావున గాలిని సిలికా జెల్ గుళికల గొట్టము గుండ పంపవలెను. నీలి గుళికలు తేమ పీల్చినపుడు గులాబీ రంగు తిరుగును. అపుడు వాటిని వేడిచేసి ఆరబెట్టవలెను. ఈ నీలి రంగు కోబాల్టు లవణము వలన వచ్చునది, విషము. వంటపాత్రలో వేయించరాదు.

రెండవది యంత్రము. దీనిని నీటిమట్టముకంటె ఎత్తున ఉంచి, గొట్టములో వెనుకకు రానీయని వాల్వు పెట్టవలెను. కరెంటు పోయినపుడు గాలి ఆగి, నీరు గొట్టములో వెనుకకు ప్రాకి యంత్రములోని అధిక వోల్టేజీ భాగములకు తగులును. మన ఊళ్ళలో కరెంటు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు గదా!

మూడవది నీరు, వాయువు కలియు గది. ఇంటి తొట్టెకు స్కిమ్మరు గొట్టమే ఈ గది. పెద్ద ఏర్పాటులో వేరుగా మూతగల నిలువు గది కట్టుదురు. స్కిమ్మరు మోటారు ఆగినపుడు ఓజోను యంత్రము కూడ తానే ఆగునట్లు ఒకే స్విచ్చుకు కలుపవలెను.

నాలుగవది బొగ్గు వడపోత. గదిలోనుండి వెలువడు నీరు యాక్టివేటెడ్ బొగ్గు గుండ పోయిన తరువాతనే తొట్టెకు చేరవలెను. మిగిలిన బ్రోమినును ఈ బొగ్గు పట్టివేయును. స్కిమ్మరు పైనుండి వెలువడు గాలిని కూడ బొగ్గు గుండ పంపవలెను, లేదా గొట్టముతో ఇంటి బయటకు వదలవలెను.

మామూలు రబ్బరు గొట్టము ఓజోను తగిలి కొద్ది దినములలోనే బీటలువారును. సిలికాను గొట్టము, గాజు, టెఫ్లాను, మంచిరకపు స్టెయిన్‌లెస్ ఉక్కు తట్టుకొనును. సిలికాను గొట్టమునైనను అప్పుడప్పుడు చూచి గట్టిపడినచో మార్చవలెను.

మోతాదు, కొలత

ఇంటి ఉప్పునీటి తొట్టెకు 100 లీటర్లకు గంటకు 5 నుండి 10 మిల్లీగ్రాముల వరకు ఓజోను వాడుదురు. 400 లీటర్ల తొట్టెకు 40 మిల్లీగ్రాముల యంత్రము చాలును. మొదటి దినముననే 40కి పెట్టరాదు. 10తో మొదలుపెట్టి, వారము చూచి, అవసరమైననే పెంచవలెను. చాల తొట్టెలకు సగముతోనే పని జరుగును.

కంటితో చూచి మోతాదు నిర్ణయించుట ప్రమాదము. ఓ.ఆర్.పి. మీటరు అను సాధనము కలదు. నీటిలో కాల్చు శక్తి ఎంత ఉన్నదో అది మిల్లీవోల్టులలో చూపును. జీవులున్న తొట్టెలో అది 300 నుండి 400 వరకు ఉండుట మామూలు. 350 దాటగానే యంత్రమును ఆపివేయు కంట్రోలరు పెట్టుట మేలు. 400 దాటనీయరాదు.

ఐతే మీటరును కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. దాని కొన మీద పాచి పట్టినచో తప్పు చూపును. పి.హెచ్. పెరిగినపుడు అంకె తగ్గును, తగ్గినపుడు పెరుగును. నెలకొకసారి కొనను శుభ్రపరచి, మీటరుతో ఇచ్చు పరీక్షా ద్రవములో ముంచి సరిచూడవలెను. అంకెకంటె జీవుల నడవడి గొప్ప సాక్ష్యము. చేపలు పైకివచ్చి రొప్పుచున్నను, పగడపు జీవులు ముడుచుకొన్నను, అంకె ఎంత ఉన్నను యంత్రమును ఆపివేయవలెను.

చెరువులో ఏల పనిచేయదు? లెక్క చూడండి

ఇపుడు గట్టుమీదికి వత్తము. ఒక ఎకరము చెరువు, నీటి లోతు మీటరున్నర అనుకొందము. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. నీరు సుమారు 6,070 ఘనపు మీటర్లు, అనగా 60 లక్షల లీటర్ల పైమాట. గంటకు 10 గ్రాముల ఓజోను ఇచ్చు యంత్రమును దీనికి పెట్టితిమి. లీటరు నీటికి గంటకు వచ్చు ఓజోను 0.0016 మిల్లీగ్రాము మాత్రమే. పైన చెప్పిన గాజుతొట్టెలో లీటరుకు గంటకు 0.1 మిల్లీగ్రాము. అనగా చెరువుకు అందునది గాజుతొట్టెకు అందుదానిలో అరవయ్యవ వంతు.

ఇంకొక విధముగా చూడండి. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున ఇవ్వదలచినచో 6,070 గ్రాములు కావలెను. ఈ యంత్రము రేయింబవళ్ళు 25 దినములు నడువవలెను. ఆ 25 దినములు చెరువు ఊరకుండునా? చెరువు నీటిలో పచ్చని ప్లాంక్టను, మిగిలిన మేత, అడుగు బురద ఉన్నవి. వచ్చిన ఓజోను వచ్చినట్లే వాటికి ఖర్చగును. తెల్లమచ్చల వైరసును చేరునాటికి మిగులునదేమియు ఉండదు.

"మా యంత్రము బుడగ బహు సన్నది, వృథా కాదు" అని అమ్మువారు చెప్పుదురు. బుడగ సన్నదైనచో వాయువు బాగుగా కరుగును, ఆ మాట నిజమే. కాని బుడగ ఎంత సన్నదైనను గ్రాము గ్రామే. పది గ్రాములు కరిగించి పదకొండు చేయలేరు.

"ప్రాణవాయువు పెరుగును" అను మాట కూడ వినబడును. పది గ్రాముల ఓజోను విడిపోయినచో వచ్చు ప్రాణవాయువు పది గ్రాములే. ఒక గుర్రపుశక్తి చక్రాల ఏరేటరు గంటకు చెరువుకు చేర్చునది కిలోల లెక్కలో ఉండును. కావున తెల్లవారుజామున రొయ్య పైకి తేలుచున్నపుడు మీకు కావలసినది ఇంకొక చక్రము గాని, ఓజోను గాదు.

ఒకవేళ అంత పెద్ద యంత్రమును పెట్టగలిగినను మేలు జరుగదు. చాలినంత మోతాదు వేసిన, రోగక్రిమితోపాటు ప్లాంక్టను, మేలుచేయు సూక్ష్మజీవులు, తుదకు రొయ్యయు దెబ్బతినును.

హేచరీలో తగిన చోటు

1994-95లో తెల్లమచ్చల వ్యాధి మన తూర్పు తీరమును ఊడ్చివేసిన సంగతి పెద్దవారికి గుర్తుండును. 2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చిన తరువాత, రోగము లేని తల్లిరొయ్యలు, శుద్ధమైన నీరు అను రెంటిమీదనే హేచరీ వ్యాపారము నిలిచినది. హేచరీలో నీరు తక్కువ, తొట్టె చిన్నది, ముందుగానే వడపోయవచ్చును. కావున ఓజోనుకు తగిన చోటు ఇది.

వరుస ఇట్లుండవలెను. సముద్రపు నీటిని మొదట ఇసుక వడపోతలో, తరువాత సన్నని వడపోతలో పోయవలెను. మురికి ఉన్నచో ఓజోను మురికికే ఖర్చగును. వడపోసిన నీటికి, జీవులు లేని వేరు తొట్టెలో మాత్రమే ఓజోను ఇవ్వవలెను. కొంతసేపు నిలువయుంచి, ఏరేషను ఇచ్చి, బొగ్గు గుండ పంపవలెను. తుదకు పరీక్ష చేయవలెను. క్లోరిను చూచుటకు వాడు డి.పి.డి. కిట్టే దీనికిని పనిచేయును. నీరు గులాబీ రంగు తిరిగినచో బ్రోమిను మిగిలియున్నదని అర్థము. హైపో వేసి, మరల పరీక్షించి, రంగు రానపుడే పిల్ల తొట్టెకు వదలవలెను. ఈ పరీక్షను ఒక్కపూట మానినను, ఆ పూట నాప్లియస్ పిల్లలన్నియు పోవచ్చును.

పిల్లలున్న తొట్టెలో ఓజోను ఇచ్చుట తగదు. జోయియా దశ పిల్ల నీటిలోని డయాటములను తిని బ్రతుకును. ఓజోను ఆ మేతను చంపును. మేత చచ్చిన తొట్టెలో పిల్ల నిలువదు.

బ్లీచింగు పొడితో సక్రమముగా నీరు శుద్ధిచేయు హేచరీకి ఓజోను తప్పనిసరి కాదు. నీరు త్వరగా కావలసినచోట, రంగు నీరు వచ్చుచోట అది ఉపయోగము.

సీడు కొను రైతు ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. "ఓజోను ఉన్నది" అనుట సీడు మంచిదనుటకు రుజువు కాదు. తెల్లమచ్చల వైరసు, ఇ.హెచ్.పి. లేవని పి.సి.ఆర్. పరీక్ష కాగితమును, మీరు కొను తొట్టెదే, అడిగి చూడవలెను.

మనిషి ప్రాణము

నీటి సంగతి ఇంత చెప్పి మనిషి సంగతి మరువరాదు. ఓజోను గాలికంటె బరువైనది. మూసిన గదిలో నేల దగ్గర నిలుచును. గాలిలో పది లక్షల భాగములకు 0.1 భాగము మించినచోట ఎనిమిది గంటలు పని చేయరాదని పనివారి రక్షణ నియమము. అంతకు తక్కువ ఉన్నపుడే ముక్కు వాసన పట్టును. కాని కొంతసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియకుండ పోవును. "వాసన పోయినది" అని లోపలనే ఉండరాదు.

యంత్రమున్న గదికి ఎదురెదురు కిటికీలు, క్రింది వైపున గాలి లాగు ఫ్యాను ఉండవలెను. వాసన తగిలినంతనే స్విచ్చి ఆపి, బయటకు వచ్చి, గది గాలి మారిన తరువాతనే లోపలికి పోవలెను. దగ్గు, గొంతు మంట, ఛాతీ పట్టుట కలిగినచో మంచి గాలిలో కూర్చుండబెట్టి వైద్యునికి చూపించవలెను. కొన్ని గంటల తరువాత కూడ ఆయాసము ఎక్కువ కావచ్చును గనుక, తగ్గినదని వదలివేయరాదు. ఉబ్బసము గలవారిని ఆ గదిలో పనికి పెట్టరాదు. రాత్రి కాపలావాడు ఆ గదిలో పండుకొనుట ప్రాణాపాయము.

గుర్తుంచుకొనవలసినవి

1. ఉప్పునీటిలో ఓజోను బ్రోమినుగా మారి నిలుచును. హాని లేదను మాట నమ్మరాదు.

2. జీవులున్న తొట్టెలోనికి నేరుగా వదలరాదు. వేరు గది, బొగ్గు వడపోత, పరీక్ష, ఆ తరువాతనే తొట్టె.

3. ముందు వడపోత, తరువాత ఓజోను.

4. గాజుతొట్టెలో 400 మిల్లీవోల్టులు దాటనీయరాదు.

5. యంత్రము కొనబోవునపుడు గంటకు ఎన్ని గ్రాములో అడిగి, మీ నీటి లీటర్లతో భాగించి చూడవలెను. ఎకరము చెరువుకు ఆ లెక్క తేలదు.

6. వాసన తగిలినంతనే ఆపవలెను.

ఓజోను పదునైన కత్తి వంటిది. చిన్న తొట్టెలో, తెలిసిన చేతిలో చక్కగా పనిచేయును. చెరువుకు దానిని కొనుటకు పెట్టదలచిన సొమ్ముతో అడుగు బురద తీయించుట, గట్టు బాగుచేయుట, మంచి సీడు తెచ్చుట, ఒక ఏరేటరు చేర్చుట మేలు. సందేహమున్నచో కొనుటకు ముందే మీ దగ్గరి మత్స్యశాఖ అధికారిని సంప్రదించవలెను. కొన్న తరువాత అడుగుటకంటె అది చౌక.